మొదటి అడుగు చెప్పకూడదు

మా ఇంటికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. నీలం రేకు మీద 'వరహాలు క్రెష్' అని నేనే రాయించాను. కాపురాల మధ్య వ్యాపారమేమిటని కాలనీ సంఘం వాళ్ళు గొడవ పెడితే తీసేశాం. అయినా కొత్తగా వచ్చే తల్లులు మా ఇల్లు వెతుక్కోవడానికి ఇబ్బంది పడరు. పొద్దున్నపూట మెట్ల మీద బొమ్మ చెప్పులంత చెప్పులు వరసగా కనిపించే ఇల్లు ఆ కొండవాలు కాలనీలో మాదొక్కటే. సంఘం అధ్యక్షుడి మనవరాలి చెప్పులు కూడా ఆ వరసలోనే ఉండేవి కాబట్టి గొడవ బోర్డుతోనే ఆగింది.

నా పేరు సన్యాసిరావు. ఇక్కడ విశాఖపట్నంలోనే ఒక పత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాను. ఊరందరి తప్పులూ పట్టుకోవడమే బతుకుతెరువు కావడంతో నోరు కాస్త దురుసు. వరహాలు నా భార్య. మాకు పిల్లలు లేరు. ఆ మాట వినగానే జనం మొహాలు జాలిగా పెడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. తెల్లారిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా మా ఇంట్లో ఏడుపులు, కేరింతలు, తడిసిన గుడ్డలు. జాలి పడదలుచుకుంటే నా మధ్యాహ్నం నిద్ర మీద పడాలి.

ఈ పనిలో వరహాలుకి కొన్ని పద్ధతులున్నాయి. అన్నం పెట్టే ముందు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఫోన్లో వాళ్ళ తల్లి ఫొటో చూపించి "అమ్మేదీ?" అని అడుగుతుంది. వేలు పెట్టి చూపిస్తేనే ముద్ద. ఇంకొకటి, మొదటిసారి జరిగిన ఏ ముచ్చటా తల్లికి చెప్పదు. మొదటి పన్ను, మొదటి మాట, మొదటి అడుగు... పగలంతా మా ఇంట్లో ఉండే పిల్లలు కాబట్టి అవన్నీ మా ఇంట్లోనే జరుగుతాయి. సాయంత్రం తల్లి వచ్చినప్పుడు మాత్రం, "ఇవాళో రేపో నడిచీలాగున్నాదమ్మా, కనిపెట్టుకుని చూడు" అంటుంది. అంతే.

"ఇది క్రెష్షా, అబద్ధాల కొట్టా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"అబద్ధమేటండీ! తల్లి చూసిందే మొదటిది" అనేది.

చార్వి అనే పిల్ల మొదటిసారి నడిచిన రోజున నేను అక్కడే ఉన్నాను. వరండాలో అరుగు మీద పెట్టిన నా కళ్ళజోడు కోసం గోడ వదిలేసి మూడడుగులు వేసి, కళ్ళజోడు అందుకుని, దాన్ని కొరికింది. వరహాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెంటనే వీధి తలుపు మూసేసింది, ఎదురింటి వాళ్ళు చూస్తే ఎక్కడ చెప్పేస్తారో అని.

చార్వి తల్లి సింధూర కంప్యూటర్ల ఆఫీసులో పని చేసేది. తండ్రి ఓడలో ఇంజనీరు. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీదే. సింధూర పొద్దున్న పిల్లని నిద్రలోనే తెచ్చి ఉయ్యాల్లో పడుకోబెట్టి వెళ్ళేది. వచ్చేసరికి చీకటి పడేది. పిల్ల మళ్ళీ కళ్ళు వాల్చేసేది. నడిచిన ముచ్చట ఆదివారం నాడు ఆ అమ్మాయి కంటపడింది. సోమవారం పొద్దున్నే మాడుగుల హల్వా పట్టుకొచ్చి, ఫోన్లో వీడియో చూపించింది. "ఓలమ్మో! నడిచీసిందే!" అని వరహాలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. నాటకాల కంపెనీలో చేరవలసిన మనిషి.

రెండేళ్ళు నిండిన వానాకాలంలో చార్వికి జ్వరం తగిలింది. మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చబడగానే వరహాలు ఫోన్ చేసింది, సింధూర ఆటో దొరికిన క్షణమే వచ్చింది. పిల్ల వరహాలు మెడ పట్టుకుని వదల్లేదు. ఆస్పత్రికి ఆలస్యమవుతోందని వరహాలే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తల్లికి అందించింది. అదే ఆఖరు. విషజ్వరం అన్నారు. ఆ పిల్ల మళ్ళీ మా మెట్లెక్కలేదు.

పిల్ల అంత్యక్రియలు అయ్యాక, భర్త తిరిగి ఓడ ఎక్కాక, సింధూర మా ఇంటికొచ్చింది. పిల్లలంతా నిద్రపోతున్న వేళ. ఉయ్యాల గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఆంటీ, నేనెంత గుర్తు చేసుకున్నా నాకు నిద్రపోతున్న పాపే కనిపిస్తోంది. మేలుకున్న పాప మొత్తం మీ దగ్గరే ఉంది. చెప్పరా?"

వరహాలు చెప్పింది. ఆ రోజూ, తర్వాత చాలా రోజులూ చెప్పింది. ఆ అమ్మాయి చెవులు అప్పగించి వినేది. వెళ్ళేటప్పుడు మాత్రం వచ్చినప్పటికన్నా దిగులుగా వెళ్ళేది. వంట గురించి ఎంత చెప్పినా ఆకలి తీరదు కదా.

డాక్టర్ రెహానా ఆ రోజుల్లోనే మమ్మల్ని పలకరించడానికి వచ్చింది. ఆవిడ కొడుకు మా ఇంట్లోనే పెరిగాడు. ఆవిడకి కొండ మీద ఒక పరిశోధనశాల ఉంది. మెదడులో జ్ఞాపకాలు ఎలా నిలుస్తాయో చూస్తారట. సింధూర మాటలు విని, "ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఈమధ్యే కుదిరింది మాకు" అంది. అని, అన్నందుకు నాలుక కరుచుకుంది. అప్పటికే సింధూర ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

అలా కొండెక్కాం. అక్కడ పెద్ద హంగేమీ లేదు. పక్కపక్కన రెండు మంచాలు, రెండు టోపీలు, వాటి మధ్య వెంట్రుకల్లాంటి తీగెలు. రెహానా వరహాలు తలకి టోపీ బిగిస్తూ, "ఏదైనా చిన్న సంగతి తల్చుకోండి. బాగా, కళ్ళకి కట్టేలా. తల్చుకున్నప్పుడు జ్ఞాపకం మెత్తబడుతుంది. అప్పుడే తియ్యగలం. వదిలేస్తే మళ్ళీ గట్టిపడిపోతుంది" అంది.

"చామదుంపలాగన్నమాట. ఉడికినప్పుడే తొక్క ఊడొస్తాది" అంది వరహాలు.

"అవును. కానీ ఊడొచ్చింది మళ్ళీ అతుక్కోదు వరహాలుగారూ. కాపీ తియ్యడం మాకింకా చేతకాలేదు. ఇచ్చిన వాళ్ళ దగ్గర ఉండదు."

"చిన్నదే కదమ్మా. తియ్యి."

వరహాలు కళ్ళు మూసుకుంది. పెదాలు నవ్వుకుంటూ కదిలాయి. కాసేపటికి పక్క మంచం మీద సింధూర ఒక్కసారిగా పకపకా నవ్వింది. పిల్ల పోయాక ఆ అమ్మాయి నవ్వగా నేను చూడలేదు.

"పప్పు చెవిలో పెట్టుకుంది! నోరేదీ అంటే చెవి చూపించి, ముద్ద తీసుకెళ్ళి చెవిలో... ఆంటీ, చేతికి నెయ్యి వాసన కూడా వస్తోంది నాకు!" అని తన కుడిచెయ్యి వాసన చూసుకుంది.

వరహాలు కూడా నవ్వుతూ లేచింది. "ఎవరమ్మా చెవిలో పెట్టుకున్నాది?" అని అడిగింది.

ఆ పప్పన్నం సంగతి నాకు పదిసార్లు చెప్పి నవ్విన మనిషి అది.

సింధూర నవ్వు ఆపి, అంతసేపూ ఆకలి మీదున్న మనిషిలా, "ఇంకా ఉన్నాయా ఆంటీ?" అంది.

"బోలెడు" అంది వరహాలు.

ఇంటికొచ్చాక నేను మండిపడ్డాను. వరహాలు వంటింట్లో పిల్లలకి బంగాళాదుంపలు చిదుముతోంది. కాళ్ళ దగ్గర ఇద్దరు గరిటెలతో నేలని కొడుతున్నారు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నీ బుర్రలోది తీసి ఆ డాక్టరు పంచిపెడతాదేటి? ఇక చాలు. ఎల్లకు."

"అలగ అనకండి."

"ఇన్నేళ్ళూ ఎంతమందిని పెంచేవు? బళ్ళో వేసిన ఏడాదికల్లా నీ మొహం మర్చిపోతారు. బజార్లో ఎదురైతే తల్లి వెనక్కి దాక్కుంటారు. ఈ పనిలో మనకి మిగిలేది మన గుర్తులొక్కటే. అవి కూడా ఇచ్చీస్తావా?"

వరహాలు చిదమడం ఆపింది. "మిగతా వాళ్ళందరినీ సాయంత్రానికి అప్పగించేసేనండి. ఈ పిల్లనొక్కదాన్నే అప్పగించకుండా ఉంచీసుకున్నట్టున్నాది నాకు. తల్లి వీధిలో నిలబడి అడుగుతాంటే తలుపు వేసుకుని కూర్చున్నట్టున్నాది."

నా దగ్గర ఉన్నదల్లా కోపం. చార్వి నా కళ్ళజోడు కరిచిన పిల్ల కూడా. ఆ మాట అడిగిన వాళ్ళు లేరు.

వరహాలుకి తన సంగతి బెంగ లేదు. ఆమె భయమల్లా ఆ వరండా మూడడుగుల గురించే. అది ఇస్తే సింధూరకి ఆదివారం పోతుంది. వీడియోలోని మొదటి అడుగు రెండో అడుగైపోతుంది. "అదొక్కటీ తియ్యకుండా మిగతావి తియ్యమ్మా" అని రెహానాని బతిమాలింది.

"నేను ఏరి తియ్యలేను. మీరు తల్చుకున్నదే వస్తుంది. దాన్ని తల్చుకోకండి, చాలు" అంది రెహానా.

కోతిని తల్చుకోకుండా మందు తాగమన్నట్టే ఉంది ఆ సలహా. నాలుగైదు సార్లు ఎలాగో గట్టెక్కింది. ఆ తర్వాతి సారి టోపీ పెట్టుకున్న వరహాలు వరండాని తప్పించుకుని ఉయ్యాల గదిని తల్చుకుందట, ఉయ్యాల్లోంచి దింపిన పిల్ల వరండాలోకే పాకిందట. ఈ సంగతి తర్వాత సింధూర చెబితే తెలిసింది. ఎందుకంటే అప్పటికి చెప్పగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే.

సింధూర కళ్ళు తెరిచి వరహాలు వైపు తిరిగింది.

"నేను చూసింది మొదటిసారి కాదా ఆంటీ? హల్వా పట్టుకొచ్చాను. అందరికీ పంపించాను. మీరు చూసి కూడా, చూడనట్టు... ఎందుకు చెప్పలేదు?"

వరహాలు తెల్లబోయింది. "ఏది చెప్పలేదమ్మా?"

దాచిపెట్టిన సంగతి పోయింది, దాచిపెట్టానన్న సంగతీ పోయింది. తిట్టించుకోవడానికి కూడా ఆమె దగ్గర ఏమీ లేదు. నా వైపు చూసింది, ఏం తప్పు చేశానండీ అన్నట్టు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"నన్నడుగమ్మా, నేను చెప్తాను. ఏ తల్లికీ చెప్పదు. తల్లి చూసిందే మొదటిది అంటాది. మా ఇంటి పద్ధతి అది. తప్పైతే నన్ను తిట్టు" అన్నాను.

సింధూర నన్ను తిట్టలేదు. మంచం దిగి వచ్చి వరహాలు కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నాకు తెలుసంకుల్. ఆవిడకేం అనిపించిందో కూడా వచ్చింది నాకు. పాప నడవగానే ఎంత సంతోషమో. ఆ వెంటనే, అయ్యో, వాళ్ళమ్మ చూళ్ళేదే అని దిగులు. తలుపేసి, పాపని కింద కూర్చోబెట్టి, చెవిలో చెప్పారు ఆంటీ మీరు. మీ అమ్మ ముందు నడువు తల్లీ, నేను చూడనట్టే ఉంటాను అని."

ఈసారి ఇద్దరూ ఏడ్చారు. ఒకరు తెలిసి, ఒకరు ఎందుకో తెలియకుండా.

సింధూర ఇక వద్దంది. "మిగిలింది మీరుంచుకోండి ఆంటీ. అంతా నేనే తీసుకుంటే పాపం."

అప్పటికి చాలా పోయింది. వరహాలుకి చార్వి ముక్కలు ముక్కలుగా ఉంది. అన్నం తింటున్న చెయ్యి గుర్తుండేది, మొహం గుర్తుండేది కాదు. ఏడుపు వినిపించేది, ఎవరో తెలిసేది కాదు. ఒక పూట దండెం మీద ఉండిపోయిన చార్వి పసుప్పచ్చ గౌను చేత్తో పట్టుకుని, "ఇది ఎవరిదండీ? పట్టుకుంటే ఏడుపొస్తాంది" అంది. నేను దాన్ని తీసి బీరువాలో నా పంచెల కింద పెట్టేశాను.

మర్నాడు ఆమే సింధూరకి ఫోన్ చేసి రమ్మంది. "పిల్లని సగం సగం ఎలగుంచుకోనమ్మా? తల ఒకరి దగ్గరా, కాళ్ళు ఒకరి దగ్గరానా? పూర్తిగా ఒక చోట ఉండనీ. తల్లి దగ్గరుండనీ."

రెహానా మా ఇంటికొచ్చి కూర్చుని మరీ చెప్పింది. పిల్లతో ముడిపడిన వాళ్ళు కూడా జ్ఞాపకంలోంచి పోతారు. సింధూరని వరహాలు ఎరిగింది చార్వి తల్లిగానే కాబట్టి, సింధూర కూడా పోతుంది. "ఆలోచించుకోండి. ఈ యంత్రం కట్టినప్పుడు నేను వైద్యం చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడేం చేస్తున్నానో తెలియడం లేదు" అని కళ్ళద్దాలు తుడుచుకుంది. నేను వద్దని అరిచాను. వరహాలు నా భుజం తట్టి చెప్పులేసుకుంది.

అన్నీ ఇచ్చేసింది. 'అమ్మా' అని చార్వి మొదటిసారి తననే పిలిచిన సంగతీ ఇచ్చేసింది. అలా పిలిచినప్పుడు తను ఫోన్ తీసి, "నేను కాదే, అమ్మ ఇదిగో" అని సింధూర ఫొటో చూపించిందట. అది నాక్కూడా తెలియదు. సింధూర చెబితేనే విన్నాను.

ఒకటి మాత్రం ఇవ్వనంది. జ్వరం రోజున మెడ పట్టుకున్న వేళ్ళు విడదీసిన సంగతి.

"అది తల్లికెందుకు? నా చేతులు చేసిన పని అది. నా దగ్గరే ఉండనీ" అంది.

"మిగతావేవీ లేకుండా అదొక్కటే ఉంటే దానికి పేరుండదు, మొహం ఉండదు వరహాలుగారూ. ఎవరో ఏమిటో తెలియకుండా అలా ఉండిపోతుంది" అంది రెహానా.

"ఉండనీ అమ్మా."

ఆ తర్వాత మా ఇల్లు ఎప్పటిలాగే నడిచింది. చెప్పులు, ఏడుపులు, ఉగ్గు గిన్నెలు. కొండ మీదికి ఎందుకెళ్ళేవాళ్ళమని అడిగితే నీ మోకాళ్ళ నొప్పికన్నాను. నమ్మింది. కానీ సాయంత్రం తల్లులొచ్చే వేళకి ఆమె చెయ్యి మెడ మీదికి పోయేది. పిల్లల్ని అందించేటప్పుడు ఒక్క క్షణం తడబడేది. ఒక రోజు అంట్లు కడుగుతూ అడిగింది.

"ఏవండీ, ఒళ్ళు కాలిపోతున్న పిల్ల ఒకత్తి నా మెడ పట్టుకున్నట్టూ, నేను వేళ్ళు ఊడదీసి ఎవరికో ఇచ్చీసినట్టూ వస్తాంది. కల కాదు. ఎవరి పిల్లండీ అది? ఎందుకు ఇచ్చీసేను? ఉంటానని అంతలా ఏడిస్తే ఉంచుకోకపోయేనేటి?"

జీవితమంతా ఇతరుల వాక్యాలు సరిచేసిన వాణ్ణి. నా నోట్లోంచి ఒక్క సరైన వాక్యం రాలేదు. కలే అయ్యుంటుందన్నాను.

ఆ మాటే రోజూ అడగడం మొదలుపెట్టింది. తట్టుకోలేక సింధూరకి ఫోన్ చేశాను. "ఆ ఒక్కటీ కూడా తీసుకుపోమ్మా. నీకు బరువే, నాకు తెలుసు. కానీ ఇది చూడలేకపోతున్నాను." వస్తానంది.

మధ్యాహ్నం అన్నాల వేళకి వచ్చింది. వరహాలు నలుగురిని అర్ధచంద్రంగా కూర్చోబెట్టి ముద్దలు పెడుతోంది. గుమ్మంలో కొత్త మనిషిని చూసి చెయ్యి కడుక్కుని, చీర సర్దుకుని, రోజూ కొత్త తల్లులని పిలిచినట్టే పిలిచింది.

"రామ్మా, కూచో. పాపా, బాబా?"

సింధూర నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"పాపండీ."

"ఎన్నేళ్ళు?"

"రెండు దాటాయి."

"తిండీ తిప్పలూ ఏటి అలవాటు చేసేవమ్మా? దాచకుండా చెప్పు. పిల్ల సంగతి తెలియకపోతే నాకు కష్టం."

సింధూర చెప్పడం మొదలుపెట్టింది. పప్పన్నంలో నెయ్యి ఎక్కువుండాలి, చారు దగ్గరికి రాదు. నోరేదంటే చెవి చూపిస్తుంది. ఉయ్యాల ఎడమ వైపు నుంచి ఊపితేనే పడుకుంటుంది, లేచాక కాసేపు ఎవరి ఒళ్ళోనైనా ఊరికే కూర్చోవాలి, మాట్లాడించకూడదు. ఉరుము వింటే ఏడవదు, మిక్సీ వింటే ఏడుస్తుంది. కళ్ళజోడు కనిపిస్తే కొరుకుతుంది. కోపమొస్తే నేల మీద బోర్లా పడుకుని ఎవరైనా చూస్తున్నారా అని ఒక కన్ను తెరుస్తుంది. చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి నవ్వింది. వరహాలూ నవ్వింది. ముద్ద కోసం చూస్తున్న పిల్లలు కూడా ఎందుకో నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఆ చప్పుడులో నిలబడ్డాను.

బయటికొచ్చేసరికి వరహాలు సింధూర చెంప మీద చెయ్యేసి ఉంది.

"ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తన్నాను తల్లీ. ఆఫీసులకెళ్ళే ఆడపిల్లలు పాపం, పిల్ల ఏటి తింటాదో కూడా తెలీదని ఏడుస్తారు. పిల్ల గురించి ఇంతలా తెలిసిన తల్లిని నేనింతవరకూ చూళ్ళేదు. నీ పిల్ల అదృష్టవంతురాలమ్మా."

సింధూర ఆ చేతిని తన రెండు చేతుల్తో పట్టుకుంది.

"రేపట్నించి తీసుకొస్తావా?" అంది వరహాలు.

"తీసుకొస్తానండీ" అంది సింధూర.

గేటు దాకా నేను వెళ్ళాను. "అడగలేదేం తల్లీ, ఆ ఒక్కటీ?" అన్నాను.

"వద్దంకుల్. అది కూడా తీసుకుంటే ఆవిడ దగ్గర పాప బొత్తిగా ఉండదు. నొప్పిగానైనా ఉండనివ్వండి." కొంగు నోట్లో కుక్కుకుని గబగబా మలుపు తిరిగిపోయింది.

నేను మెట్ల మీదే కూర్చున్నాను. లోపల్నుంచి గిన్నెల చప్పుడు, దాని వెనకే వరహాలు గొంతు.

"ఏవండీ! ఆ అమ్మాయి పాప పేరు అడగడం మర్చిపోయేను. మీతో ఏవైనా చెప్పిందేటి?"

"చార్వి" అన్నాను.

ఆమె గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మంచి పేరే" అని, పిల్లల మూతులు తుడవడానికి లోపలికి వెళ్ళింది.